తెరిచారు సరే, మూసిందెవరు?

సీపీయూ 20 శాతం దగ్గరే ఉంది. మెమరీ సగం ఖాళీ. డిస్కుకు చెప్పుకోదగ్గ పని లేదు. అయినా సైటు తెరుచుకోదు. లోడ్ టెస్టింగ్ చేసేవాళ్లను బాగా తికమకపెట్టే పరిస్థితి ఇదే. పని ఎక్కువై యంత్రం కూలబడితే కారణం ఎదురుగానే కనిపిస్తుంది, ఇంకా పెద్ద యంత్రం తీసుకోమని చెప్పి బయటపడొచ్చు. తీరిగ్గా ఉన్న యంత్రం కొత్తవాళ్లను లోపలికి రానివ్వకపోతే మాత్రం ముందుగా అనుమానించాల్సింది మూయకుండా వదిలేసిన కనెక్షన్లను.

లోడ్ టెస్టింగ్ అంటే సైటును జనం ముందు పెట్టకముందే దాని మీదికి ఉత్తుత్తి జనాన్ని తోలడం. జేమీటర్ లాంటి సాఫ్ట్‌వేర్ ఒక్క కంప్యూటర్‌లో కూర్చుని వెయ్యిమందిలా, పదివేలమందిలా పేజీలు అడుగుతూ పోతుంది. స్టెఫానో మజ్జోకి రాసిన ఈ జేమీటర్ 1998లో అపాచీ బృందం నుంచి వచ్చింది. పాతికేళ్లు దాటినా అమీర్‌పేట శిక్షణ కేంద్రాల బోర్డుల మీద దాని పేరు చెరిగిపోలేదు. నల్లగొండ, పాలమూరు పిల్లలు ఈ పని నేర్చుకోవాలంటే అమీర్‌పేట హాస్టళ్లే దిక్కు అన్న రోజులు కొంత మారాయి. 2023 మేలో మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో ఐటీ టవర్, అదే ఏడాది అక్టోబరులో నల్లగొండలో ఐటీ హబ్ తలుపులు తెరిచాయి.

పని అక్కడికి చేరడం కన్నా ముందే దాని అవసరం ఊళ్లకు చేరింది. 2020 అక్టోబరు 29న భూరికార్డుల పోర్టల్ ధరణి మొదలై, నవంబరు 2 నుంచి వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్లు తహసీల్దారు కార్యాలయాల్లో ఆన్‌లైన్‌లోనే జరిగాయి. 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి వచ్చినప్పుడు ముందుగా ప్రయోగించిన నాలుగు మండలాల్లో నారాయణపేట జిల్లా మద్దూరు ఒకటి. ఆ మద్దూరు 2019 దాకా పాలమూరు జిల్లాలోదే. పట్టా కావాలన్నా, ఆదాయ ధ్రువపత్రం కావాలన్నా, మార్కుల మెమో కావాలన్నా ఒక సర్వర్ జవాబివ్వాలి. మీసేవ కేంద్రంలో కూర్చున్న రైతు కూడా ఇప్పుడు ‘సర్వర్ బిజీ ఉంది’, ‘సైటు సతాయిస్తోంది’ అని మామూలుగా అనేస్తాడు. రద్దీ ఎలా వస్తుందో చెప్పడానికి టీకా సైటు కొవిన్ కన్నా పెద్ద ఉదాహరణ లేదు. 2021 ఏప్రిల్ 28 సాయంత్రం 4 గంటలకు 18 ఏళ్లు నిండినవాళ్లందరికీ టీకా నమోదు తెరిస్తే, ఆ ఒక్కరోజే కోటిమందికి పైగా నమోదయ్యారు. రోజంతా సమంగా పంచుకుని వచ్చే జనం కాదది. గడియారం చూసుకుని ఒకేసారి వచ్చే జనం.

లెక్కల కోసం మనమూ ఒక సైటు కట్టుకుందాం. డిగ్రీ ఫలితాల సైటు. నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం 2007లో, మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో వచ్చాయి గనక ఫలితాల రోజు హడావుడి ఈ జిల్లాల్లో ఎవరికీ కొత్త కాదు. మన సైటు మాత్రం ఆ రెండింటిలో దేనిదీ కాదు, పూర్తిగా ఊహ. విద్యార్థి హాల్‌టికెట్ నంబరు కొడతాడు. మన సర్వర్ వెనక ఉన్న మార్కుల సర్వర్‌ను అడుగుతుంది. వచ్చిన జవాబును పేజీగా మార్చి విద్యార్థికి చూపిస్తుంది. అంటే ఒక్క ప్రశ్నకు రెండు కనెక్షన్లు: ఫోను నుంచి మన దగ్గరికి ఒకటి, మన దగ్గర్నుంచి మార్కుల సర్వర్‌కు ఇంకొకటి. ఈ రెండోదాన్ని గుర్తుపెట్టుకోండి. కథ నడిచేది ఎక్కువగా అక్కడే.

ఈ కనెక్షన్ల వెనక ఉన్న నియమావళి టీసీపీ. వింట్ సెర్ఫ్, బాబ్ కాన్ 1974లో ప్రతిపాదించిన ఆలోచన ఇది. 1981 సెప్టెంబరులో జాన్ పోస్టెల్ సంపాదకత్వంలో ఆర్ఎఫ్‌సీ 793 అనే పత్రంగా స్థిరపడింది. 2022 ఆగస్టులో ఆర్ఎఫ్‌సీ 9293 దాని స్థానం తీసుకున్నా, తెరవడం, మూయడం గురించిన పద్ధతి మారలేదు. తెరవడానికి మూడు సందేశాలు చాలు. మూయడానికి మామూలుగా నాలుగు కావాలి. ఎందుకంటే మాట రెండు వైపులా విడివిడిగా నడుస్తుంది, రెండు వైపులా విడివిడిగానే ఆగాలి. ఒక వైపు ‘నేను పంపాల్సింది అయిపోయింది’ అని ఫిన్ పంపుతుంది. అవతలివైపు ‘అందింది’ అంటుంది. కాసేపటికి అవతలివైపూ తన ఫిన్ పంపాలి, దానికి ఇవతల్నుంచి ‘అందింది’ రావాలి.

చిక్కు రెండో అడుగుకూ మూడో అడుగుకూ మధ్య ఉంది. ‘అందింది’ అని చెప్పేది ఆపరేటింగ్ సిస్టమ్. ఆ పని అది ఎవర్నీ అడక్కుండా వెంటనే చేసేస్తుంది. తన వైపు ఫిన్ పంపాలంటే మాత్రం పైనున్న ప్రోగ్రాం ‘ఇక మూసెయ్’ అని చెప్పాలి. ప్రోగ్రాం చెప్పకపోతే ఆపరేటింగ్ సిస్టమ్ ఎదురుచూస్తూనే ఉంటుంది. ఈ స్థితి పేరు క్లోజ్‌వెయిట్. దీనికి గడువంటూ లేదు. గంట కావచ్చు, వారం కావచ్చు, ప్రోగ్రాం చచ్చేదాకా కావచ్చు.

కోతల కాలంలో మిర్యాలగూడ రైసు మిల్లుల ముందు ధాన్యం లారీలు బారులు తీరడం చూసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. బస్తాలు దించేశారు, హమాలీలు చేతులు దులుపుకున్నారు, కాంటా ఖాళీగా ఉంది. ట్రక్ షీట్ మీద గుమస్తా సంతకం పడలేదు కాబట్టి డ్రైవరు బండి తియ్యడు. అలాంటి ఖాళీ లారీలు నలభై పోగైతే నిండు లారీకి గేటులో చోటుండదు. లోపల ఎవరికీ పని లేదు, బయట మాత్రం వరస పెరుగుతోంది. మొదట చెప్పిన 20 శాతం సీపీయూ రహస్యం ఇంతే.

కనెక్షన్ల లెక్క తీసినప్పుడు క్లోజ్‌వెయిట్ పక్కనే ఇంకో పేరు కనిపిస్తుంది: టైమ్‌వెయిట్. ఈ రెంటినీ ఒక్కటే అనుకోవడం వల్ల పాడైన సర్వర్లు ఎన్నో! టైమ్‌వెయిట్ జబ్బు కాదు. రెండు వైపులా మూసేశాక, మొదట ఎవరు మూశారో వాళ్ల దగ్గర కొంతసేపు మిగిలే జ్ఞాపకం అది. ఎందుకు మిగలాలి? చివరి ‘అందింది’ దారిలో పోవచ్చు. పోతే అవతలివాళ్లు తమ ఫిన్‌ను మళ్లీ పంపుతారు, దానికి జవాబు చెప్పడానికి ఇక్కడ ఒకరు ఉండాలి. ఇంకో కారణం, నెట్‌వర్క్‌లో దారితప్పి ఆలస్యంగా వచ్చిన పాత ప్యాకెట్ అదే నంబర్లతో తెరిచిన కొత్త కనెక్షన్‌లో చొరబడకూడదు. ఒక ప్యాకెట్ నెట్‌వర్క్‌లో 2 నిమిషాల దాకా బతకొచ్చని 1981 పత్రం లెక్కవేసి, దానికి రెట్టింపు, అంటే 4 నిమిషాలు ఆగమంది. లినక్స్ 60 సెకన్లతో సరిపెట్టింది. ఆ 60 కెర్నెల్‌లోనే రాసి ఉంది, బయట్నుంచి మార్చే మీట లేదు. ఫిన్ టైమవుట్ అనే సెట్టింగ్ తగ్గిస్తే టైమ్‌వెయిట్ తగ్గుతుందని చాలామంది నమ్మకం. అది తాకేది వేరే స్థితిని.

ఇంకా ప్రమాదకరమైన చిట్కా ఒకటి కొన్నేళ్లపాటు చేతులు మారుతూ తిరిగింది. టైమ్‌వెయిట్‌లను తొందరగా మింగేసే రీసైకిల్ సెట్టింగ్ అది. ఆఫీసు నెట్‌వర్క్‌లో పరీక్షిస్తే బాగానే కనిపించేది. మొబైల్ కంపెనీలు వేల ఫోన్లను ఒకే ఐపీ చిరునామా వెనక దాచిపెడతాయి కదా, అలాంటి చోట ఈ సెట్టింగ్ వల్ల ఒక ఫోనుకు సైటు తెరుచుకునేది, పక్క ఫోనుకు తెరుచుకునేది కాదు. ఎందుకో ఎవరికీ అంతుపట్టేది కాదు. చివరికి 2017లో వచ్చిన లినక్స్ 4.12 నుంచి దాన్ని పూర్తిగా తీసేశారు. అర్థం కాని సెట్టింగ్‌ను ఎక్కడో చూసి దించుకునే అలవాటు మాత్రం ఏ వెర్షన్‌లోనూ పోలేదు.

అయితే టైమ్‌వెయిట్ వల్ల ఇబ్బందే లేదా? ఉంది. కానీ అది ఎక్కువగా పడేది పరీక్షింపబడే సర్వర్ మీద కాదు, పరీక్షించే కంప్యూటర్ మీద. ఒక కనెక్షన్‌ను గుర్తించేవి నాలుగు అంకెలు: ఇటు ఐపీ, ఇటు పోర్టు, అటు ఐపీ, అటు పోర్టు. లోడ్ టెస్ట్‌లో పంపే కంప్యూటర్ ఒక్కటే, సర్వర్ ఒక్కటే, సర్వర్ పోర్టు 443 ఒక్కటే. మారగలిగింది ఇటువైపు పోర్టు మాత్రమే. లినక్స్ దానికి మామూలుగా 32768 నుంచి 60999 దాకా, అంటే 28,232 పోర్టులు ఇస్తుంది. కనెక్షన్ మూసిన ప్రతిసారీ ఆ పోర్టు 60 సెకన్లు పక్కన కూర్చుంటుంది. 28,232ను 60తో భాగిస్తే 470. సెకనుకు అంతకు మించి కొత్త కనెక్షన్లను తెరిచి తనే మూస్తూ పోవడం ఆ కంప్యూటర్‌కు సాధ్యం కాదు. సెకనుకు 500 చొప్పున మొదలుపెడితే 57 సెకన్లు తిరిగేలోపే పోర్టులు అయిపోయి ‘కెనాట్ అసైన్ రిక్వెస్టెడ్ అడ్రస్’ అని ఎర్ర అక్షరాలు వస్తాయి. నివేదికలో మాత్రం ‘500 దగ్గర సైటు విఫలం’ అని రాస్తారు. సైటుకు ఆ విషయమే తెలియదు, ఆ ప్రశ్నలు దాని గడప దాకా రాలేదు. ఫలితాల రోజు ఎవరి ఫోను వాళ్లదే కాబట్టి ఈ ఇబ్బంది అసలు పుట్టనే పుట్టదు.

అందుకే లెక్క రెండు చోట్లా తియ్యాలి. లినక్స్‌లో ఎస్ఎస్ అనే చిన్న ఆదేశం ఏ స్థితిలో ఎన్ని కనెక్షన్లున్నాయో చెబుతుంది. సర్వర్‌లో మాత్రమే దాన్ని నడిపి, జేమీటర్ ఉన్న కంప్యూటర్‌ను వదిలేసేవాళ్లే ఎక్కువ. అక్కడ టైమ్‌వెయిట్‌లు పాతిక వేలు దాటితే ఆ పరీక్ష ఫలితాన్ని చించేయడం మేలు. మందు కూడా సులువే. పంపే కంప్యూటర్లను పెంచాలి, లేదా కీప్‌ఎలైవ్ పెట్టి ఒక కనెక్షన్ మీదే పది ప్రశ్నలు వేయాలి. వెబ్ నియమాల్లో 1997లో వచ్చిన హెచ్‌టీటీపీ 1.1 నుంచి కీప్‌ఎలైవే మామూలు పద్ధతి. అయినా ఏబీ లాంటి పాత పరికరాలు మనం ప్రత్యేకంగా చెప్పకపోతే ప్రతి ప్రశ్నకూ కొత్త కనెక్షనే తెరుస్తాయి. ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్పాలి. ఫలితాల సైటుకు కీప్‌ఎలైవ్‌తో మాత్రమే చేసిన పరీక్షను నేను నమ్మను. ఒకసారి వచ్చి, మార్కులు చూసుకుని, వెళ్లిపోయే జనం అది. కొత్త మనిషి వచ్చిన ప్రతిసారీ రహస్య సంకేతాల ఒప్పందం మొదట్నుంచి జరగాలి, ఆ ఖర్చును కీప్‌ఎలైవ్ దాచేస్తుంది. రెండు రకాలుగానూ పరీక్షించాలి.

ఇప్పుడు క్లోజ్‌వెయిట్ దగ్గరికి వద్దాం. సర్వర్‌లో అవి పెరుగుతున్నాయంటే నేరం మన ప్రోగ్రాందే. వేరేవాళ్ల మీద తోయడానికి వీల్లేదు, అవతలివైపు మూసేసింది, మూయనిది మనమే. ఎస్ఎస్ ఇచ్చే జాబితాలో అవతలి చిరునామా చూడాలి. విద్యార్థుల ఫోన్లు కాకుండా మార్కుల సర్వర్ చిరునామాయే వరసగా కనిపిస్తే దొంగ వెనక గుమ్మంలో ఉన్నట్టు. మన కోడ్‌లో ఆ సర్వర్‌ను అడిగే చోటు చూడండి. జవాబు బాగా వస్తే చదువుతారు, మూస్తారు. ‘ఆ నంబరు లేదు’ అని జవాబొస్తే? చాలా కోడ్‌లలో అక్కడ తప్పు సందేశం చూపించి వెంటనే వెనక్కి తిరుగుతారు. జవాబును చివరిదాకా చదవరు, కనెక్షన్‌ను మూయరు. వాడిన వస్తువు తనంతట తానే మూసుకునే ఏర్పాటు జావాలో 2011 నుంచి ఉంది. దాని ముందు రాసిన కోడ్ కన్నా దాని తర్వాత రాసిన కోడ్‌లోనే ఈ తప్పు కనిపిస్తే కోపం వస్తుంది.

పరీక్షలో ఇది ఎందుకు దొరకదో చూడండి. లోడ్ టెస్ట్‌కు ఇచ్చే హాల్‌టికెట్ నంబర్ల ఫైల్‌లో అన్నీ సరైన నంబర్లే ఉంటాయి. తప్పు నంబరు కొట్టే విద్యార్థి అందులో ఉండడు. నిజజీవితంలో ఉంటాడు, చేతులు వణుకుతున్న రోజు అది. సెకనుకు 100 ప్రశ్నలు వస్తున్నాయనీ, 500లో ఒకటి తప్పు నంబరనీ అనుకుందాం. అంటే 5 సెకన్లకో కనెక్షన్ మూయకుండా మిగులుతుంది. లినక్స్‌లో ఒక ప్రోగ్రాం ఒకేసారి తెరిచి ఉంచగలిగినవి మామూలుగా 1,024. 5 సెకన్లకొకటి చొప్పున అవి నిండడానికి 5,120 సెకన్లు, అంటే సుమారు 85 నిమిషాలు. అరగంట పరీక్ష పెట్టినవాళ్లు తప్పు నంబర్లు కలిపినా పాసవుతారు. సైటు మాత్రం గంటన్నర లోపే ‘టూ మెనీ ఓపెన్ ఫైల్స్’ అని చేతులెత్తేస్తుంది. అప్పుడు ఎవరో ఒకరు పరిమితిని 65,536కు పెంచుతారు. ఈసారి నిండడానికి 91 గంటలు పడుతుంది. మూడు రోజులు బాగా నడిచి నాలుగో రోజు కూలుతుంది. రోజూ తెల్లవారుజామున సర్వర్‌ను రీస్టార్ట్ చేసే ఏర్పాటు ఎక్కడైనా కనిపిస్తే దాని వెనక ఇలాంటి కథ ఉండే అవకాశం ఎక్కువ.

డేటాబేస్ కనెక్షన్లలో అదే తప్పు ఉంటే ఇంత ఓపిక పట్టాల్సిన పని లేదు. జావాలో విరివిగా వాడే హికారీ పూల్ మామూలుగా ఇచ్చేది 10 కనెక్షన్లే. అదే వేగంతో తిరిగివ్వకపోతే 50 సెకన్లలో పూల్ ఎండిపోతుంది. ఆ తర్వాత వచ్చిన ప్రతి ప్రశ్నా 30 సెకన్లు కాచుకుని తప్పుతో వెనక్కి పోతుంది. కనెక్షన్ తీసుకుని ఎక్కువసేపు తిరిగివ్వని కోడ్ ఏదో వరస నంబరుతో సహా లాగ్‌లో రాసే సదుపాయం దాంట్లోనే ఉంది. కాకపోతే దాన్ని మనమే తెరవాలి, మామూలుగా అది మూసి ఉంటుంది.

కనెక్షన్లు పెరుగుతున్నాయి సరే, అవి మూయనివా, లేక నెమ్మదిగా నడుస్తున్నవా? రెండింటికీ మందు వేరు. ఇక్కడ 1961 నాటి ఒక సూత్రం అక్కరకొస్తుంది. తర్వాత ఎంఐటీ ఆచార్యుడైన జాన్ లిటిల్ ఆ ఏడాది నిరూపించింది ఇది: లోపల ఉన్నవాళ్ల సంఖ్య, సెకనుకు వచ్చేవాళ్ల సంఖ్యను ఒక్కొక్కరు ఉండే సమయంతో గుణిస్తే వచ్చినంత. సెకనుకు 200 ప్రశ్నలొచ్చి ఒక్కోదానికి అర సెకను పడితే ఏ క్షణంలో చూసినా సుమారు 100 పనిలో ఉండాలి. డేటాబేస్ నెమ్మదించి జవాబుకు 2 సెకన్లు పడితే 400 అవుతాయి, అక్కడ నిలబడతాయి. మూయని తప్పు అలా నిలబడదు. జవాబు సమయం అర సెకనే ఉంటుంది, వచ్చే వేగం 200 దగ్గరే ఉంటుంది, కనెక్షన్లు మాత్రం 150, 300, 450 అంటూ గీత గీసినట్టు ఎక్కుతూ పోతాయి. గ్రాఫ్‌లో ఈ మూడింటినీ ఒకదాని కింద ఒకటి పెట్టి చూస్తే వాదన అక్కర్లేదు.

ఇంకో రకం మూయని కనెక్షన్ ఉంది, అది ఆఫీసు గదిలో చేసే పరీక్షలో ఎప్పటికీ పుట్టదు. హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే బస్సు మన్ననూరు దాటి నల్లమలలోకి దిగాక సిగ్నల్ పోతుంది. బస్సులో కూర్చుని ఫలితాల పేజీ నొక్కిన విద్యార్థి ఫోను ఫిన్ పంపలేదు, పంపే వీలే లేదు. సర్వర్ దృష్టిలో అతను ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. జవాబు పంపే మధ్యలో తెగితే లినక్స్ సుమారు 15 నిమిషాలు మళ్లీ మళ్లీ పంపి విరమించుకుంటుంది. అతని ప్రశ్న కోసమే కాచుకుని ఉంటే అదీ లేదు. టీసీపీ స్థాయి కీప్‌ఎలైవ్ అడిగి పెట్టుకుంటేనే పనిచేస్తుంది. పెట్టుకున్నా 2 గంటలు మౌనంగా ఉండి, 75 సెకన్లకోసారి 9 సార్లు పలకరించి, మొత్తం 2 గంటల 11 నిమిషాల 15 సెకన్లకు ఆశ వదులుకుంటుంది. ఎన్‌జిన్‌ఎక్స్ లాంటి వెబ్ సర్వర్లు తమ సొంత గడువులతో దీన్నుంచి కాపాడతాయి. ఊరకే ఉన్న కనెక్షన్‌ను ఎన్‌జిన్‌ఎక్స్ మామూలుగా 75 సెకన్లకు మూస్తుంది. ఆ గడువులను ఎవరో గంటకు పెంచి మరిచిపోతే అడవిలో మాయమైన ఫోన్లన్నీ సర్వర్‌లో పోగవుతాయి.

దీన్ని పరీక్షించబోయి చాలామంది మధ్యలో జేమీటర్‌ను బలవంతంగా ఆపేస్తారు. దానివల్ల ఉపయోగం లేదు. ప్రోగ్రాం చచ్చినా ఆపరేటింగ్ సిస్టమ్ బతికే ఉంటుంది, అది మర్యాదగా అన్ని కనెక్షన్లనూ మూసేస్తుంది. సర్వర్‌కు అందరూ వీడ్కోలు చెప్పి వెళ్లినట్టే ఉంటుంది. నల్లమల సృష్టించాలంటే పరీక్ష నడుస్తుండగా ఫైర్‌వాల్‌లో ఆ ప్యాకెట్లను చడీచప్పుడు లేకుండా పారేయమని చెప్పాలి. తిరస్కరించమని కాదు, పారేయమని. ఆ క్షణం నుంచి సర్వర్‌లో తెరిచి ఉన్న కనెక్షన్ల సంఖ్య ఎంతసేపటికి దిగుతుందో రాసుకోవాలి.

మామూలు పరీక్షకూ ఇదే వర్తిస్తుంది. చివరి ప్రశ్న పోయి గ్రాఫ్ నేలకు తాకగానే అందరూ ల్యాప్‌టాప్‌లు మూసి టీకి లేస్తారు. అప్పుడు ఆగాలి. నిమిషం తర్వాత ఎస్ఎస్ నడపండి, టైమ్‌వెయిట్‌లు పోయి ఉండాలి. ఇంకో రెండు నిమిషాలకు ఎన్‌జిన్‌ఎక్స్ గడువు దాటి ఊరక ఉన్నవీ పోయి ఉండాలి. పది నిమిషాల తర్వాత, సైటు మీద ఎవరూ లేనప్పుడు, క్లోజ్‌వెయిట్ కింద 212 అని కనిపిస్తే, కోడ్‌లో మూయడం మరిచిన చోటు గుండా ఆ పూట 212 మంది వెళ్లారు. పరీక్ష లాగ్‌లో ‘ఆ నంబరు లేదు’ అని చెప్పే 404 రకం జవాబులు లెక్కపెట్టి చూడండి. అవీ 212 ఉంటే, ఏ ఫైల్ తెరవాలో, ఏ వరస చూడాలో తెలిసిపోయినట్టే.